నూకాలమ్మ ఆయిల్ కంపెనీ విలీనం

చమురు కంపెనీలు భూమిని తవ్వి పెరుగుతాయని చాలామంది అనుకుంటారు. అది చిన్న కంపెనీల సంగతి. భూమిలో చమురు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పక్క కంపెనీలో అయితే ఉన్నట్టు కాగితం మీద రాసే ఉంటుంది. అందుకని పెద్ద కంపెనీలు భూమి జోలికి పోకుండా పక్క కంపెనీని తవ్వుకుంటాయి.

త్రివిక్రమ పెట్రోలియం అలా పెరిగిందే. మొదట సాగరిక అనే కంపెనీని కలుపుకుంది. పది బావులదీ పది బావులదీ కలిసి ఇరవై బావుల మహాసంస్థ అవతరించిందని పేపర్లో వేశారు. బావులు ఎక్కడివక్కడే ఉన్నాయి, చమురు ఎంత వచ్చేదో అంతే వస్తోంది. బోర్డులు మాత్రం కొత్తగా రాయించారు. ఆ తర్వాత వజ్రధారను కలుపుకుంది, ఆపైన ఉదధిని. కలుపుకున్న ప్రతి కంపెనీ పేరునూ గౌరవసూచకంగా తన పేరు చివర చేర్చుకోవడం ఆనవాయితీ. దాంతో ఆ కంపెనీ అధికారుల విజిటింగ్ కార్డును మడతలు విప్పి పంచాంగంలా చదువుకోవలసి వచ్చేది.

ఏడాదికి ఏడు కంపెనీలను కలుపుకోవాలని ఒక సంవత్సరం వారి పాలకమండలి తీర్మానించింది. ఏడే ఎందుకంటే, అంతకు ముందు ఏడాది ఆరు. ఫిబ్రవరి నెలాఖరుకు ఆరు పూర్తయ్యాయి. ఏడోది దొరకలేదు. దేశంలో ఉన్న కంపెనీల్లో కొన్ని వీరు మింగేసినవి, కొన్ని వీరిని మింగడానికి కాచుక్కూర్చున్నవి. చివరికి ఎవరో పాత రిజిస్టరు దుమ్ము దులిపితే అందులో మా ఊరి పేరు బయటపడింది. "శ్రీ నూకాలమ్మ ఆయిల్ కంపెనీ, సంత వీధి, తాళ్ళమెరక."

అది గానుగ. సముద్రానికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మా ఊళ్ళో, నా దస్తావేజుల గదికి ఎదురుగా, తాటాకు పందిరి కింద ఉండేది. నువ్వుల నూనె తీసేవారు. యజమాని పేరు వరహాలు, భార్య నూకరత్నం. గానుగ పెట్టింది వరహాలు తండ్రి. బోర్డు రాసిన పెయింటరు, "గానుగ అని రాస్తే ఏం బాగుంటుంది, ఆయిల్ కంపెనీ అని రాస్తే దర్జాగా ఉంటుంది" అన్నాడట. పేరు అంత దర్జాగా ఉన్నప్పుడు రిజిస్టరు చేయిస్తే ఇంకా బాగుంటుందని సలహా ఇచ్చి, కాగితాలు రాసి పంపింది మా నాన్న. ఆయనా దస్తావేజు లేఖరే. కాబట్టి తర్వాత జరిగినదానికంతటికీ మూలం మా వంశమేనని నేను ఒప్పుకుంటున్నాను.

ఒక సోమవారం పొద్దున్న మూడు తెల్ల కార్లు సంత వీధిలోకి వచ్చాయి. ముందు కార్లోంచి దిగినాయన పేరు తురగా ప్రద్యుమ్న. విలీనాల విభాగానికి ఉపాధ్యక్షుడు. పలచటి మనిషి, నెరిసిన మీసం. ఎండకు అలవాటు లేని వాళ్ళు నడిచినట్టు నేలకేసి చూస్తూ నడుస్తున్నాడు. ఇంగ్లీషు కాగితాలేమైనా ఉంటే చదివి పెట్టమని వరహాలు నన్ను కేకేశాడు. నేను వెళ్ళి పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాను.

"ఇక్కడ చమురు వెలికితీత జరుగుతున్నదా?" అని అడిగాడు ప్రద్యుమ్న.

"ఆయ్, జరుగుతుందండి. రోజూ ఒక వాయి తీస్తామండి," అన్నాడు వరహాలు.

"ఎంత లోతు నుంచి?"

వరహాలు గానుగ రోట్లోకి చెయ్యి పెట్టి చూపించాడు. "మూరెడుంటదండి."

ప్రద్యుమ్న వెంట వచ్చినవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వాళ్ళ కంపెనీ సముద్రంలో మూడు కిలోమీటర్లు దించినా బురదే వచ్చిన చోట్లు ఉన్నాయట. మూరెడు లోతులో చమురంటే, ప్రపంచంలో ఏ దేశంలోనూ లేదన్నారు.

"నిల్వలు?"

"రెండు బస్తాల నువ్వులండి. అవిగో, గోడవార."

"ధ్రువీకృత నిల్వలు, రెండు," అని ప్రద్యుమ్న చెప్పగా పక్కనున్న గుమాస్తా రాసుకున్నాడు. రెండు ఏమిటన్నది రాసుకోలేదు.

నాకిక ఊరుకోబుద్ధి కాలేదు. "అయ్యా, ఇది నువ్వుల నూనె. మీది పెట్రోలు. రెంటికీ ఏం సంబంధం?" అన్నాను.

ఆయన నా మీద విసుక్కోలేదు. ఓపికగా సంచిలోంచి కాగితం తీసి చదివాడు. "'చమురు సంస్థ యనగా చమురును వెలికితీయుట, నిల్వచేయుట, విక్రయించుట యను కార్యకలాపములు గల సంస్థ.' ఏ చమురో ఇందులో పేర్కొనలేదు లేఖరిగారూ. పేర్కొనాలంటే పాలకమండలి తిరిగి సమావేశం కావాలి. అది ఏప్రిల్‌లో. మా లక్ష్యం మార్చి ముప్పై ఒకటికి."

ఆయన మాట్లాడుతుండగానే ఎద్దు ఒక చుట్టు పూర్తిచేసింది. రోటి పక్క రంధ్రంలోంచి నూనె సన్నటి ధారగా డబ్బాలోకి జారింది. ప్రద్యుమ్న మాట ఆపి దానికేసి చూశాడు. కాసేపటికి వంగి, ఎవరూ చూడటం లేదనుకుని, వేలితో తాకి నాలుక్కి రాసుకున్నాడు.

"ముప్పై ఏళ్ళ సర్వీసులో నలభై చమురు కంపెనీలు కొన్నాను," అన్నాడు నాతో మెల్లగా. "చమురు పైకి రావడం చూడటం ఇదే మొదలు."

వరహాలు మొదట ఒప్పుకోలేదు. నూకరత్నం అసలే ఒప్పుకోలేదు. అప్పుడు ప్రద్యుమ్న విలీనాలు రెండు రకాలని వివరించాడు, మైత్రీపూర్వకం, శత్రుపూర్వకం. రెంటికీ తన దగ్గర ఫారాలున్నాయన్నాడు.

"సెత్రుపూర్వకం అంటే ఏం జేత్తారండి?" అంది నూకరత్నం.

"ఫారం అదే అమ్మా. కాకపోతే మధ్యలో టీ ఉండదు."

ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అప్పుడే నాకు తెలిసింది, ఈ పని అయిపోతుందని.

వరహాలుకు అయినకాడికి ఒప్పుకోవలసిన అవసరం కూడా ఉంది. ఊళ్ళో అందరూ ప్యాకెట్ నూనెకు మరిగారు. పచ్చళ్ళ కాలంలో తప్ప గానుగ దగ్గరకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. రోజుకు ఒక వాయి అని చెప్పాడు గానీ, వారంలో నాలుగు రోజులు గానుగ ఊరికే ఉండేది. పందిరి కురుస్తోంది. అన్నిటికన్నా అతనికి బెంగ ఎద్దు గురించి. దాని పేరు దొరబాబు. దూడగా ఉన్నప్పుడు సంతలో కొన్నాడు. పిల్లలు లేని ఆ ఇద్దరికీ అదే ఇంటి మనిషి.

"నాదొకటేనండి అడిగేది," అన్నాడు వరహాలు. "దొరబాబుకి దాణా కంపెనీయే సూసుకుంటదా?"

"దొరబాబు ఎవరు?"

"గానుగ తిప్పేది ఆడేగదండి. పదకొండేళ్ళయింది."

ప్రద్యుమ్న ఎద్దును చూశాడు. ఎద్దు కళ్ళకు గంతలున్నాయి కాబట్టి అది ఆయన్ను చూడలేదు. "సిబ్బంది సంక్షేమం సంస్థ ప్రథమ బాధ్యత," అన్నాడాయన. సిబ్బంది పట్టికలో వరహాలు పేరు కింద "దొరబాబు, ఎద్దు" అని రాయించాడు. ఆయన నిజాయితీపరుడే. ఉన్నది ఉన్నట్టే రాయించాడు. వరహాలు సంతకం పెట్టాడు. మార్చి ఇరవై తొమ్మిదికి ఏడో విలీనం పూర్తయింది. పాలకమండలి చప్పట్లు కొట్టిందని పేపర్లో వచ్చింది. విజిటింగ్ కార్డుకు ఇంకో మడత పడింది.

ఏప్రిల్లో "విలీనానంతర అనుసంధాన దశ" మొదలైంది. ముందుగా భద్రతా విభాగం వాళ్ళు వచ్చారు. చమురు తీసే చోటికి అర కిలోమీటరు లోపు ఎవరూ రాకూడదని వాళ్ళ నిబంధన. గానుగ చుట్టూ ఆ మేరకు ఎర్ర తాడు కట్టారు. ఆ తాడు లోపల సంత, నా గది, ప్రాథమిక పాఠశాల, పోలీస్ స్టేషను పడ్డాయి. ఎస్సై గారు మర్నాడు తాడు దాటి స్టేషన్‌కి వెళ్ళడానికి హెల్మెట్ పెట్టుకుని, ఒక పుస్తకంలో సంతకం చేయవలసి వచ్చింది. భద్రతా అధికారి గానుగనంతా తనిఖీ చేసి లోపాలు రాసుకుంటూ, దొరబాబు దగ్గరకు వచ్చేసరికి ఆగి మెచ్చుకున్నాడు. కంపెనీ మొత్తంలో ఎవరూ చెప్పకుండానే కళ్ళకు రక్షణ ధరించిన ఉద్యోగి అతనొక్కడేనట.

తర్వాత వాణిజ్య విభాగం నుంచి రోజూ పొద్దున్న వరహాలు ఫోనుకు ధర రావడం మొదలైంది. అంతర్జాతీయ విపణిని బట్టి. ఒక గురువారం నాడు ఎక్కడో జలసంధిలో ఓడ ఇరుక్కుపోయిందని నువ్వుల నూనె మూడింతలైంది. అమ్మకం కూడా పీపాలోనే జరగాలన్నారు, పీపాకు నూట యాభై తొమ్మిది లీటర్లు.

మా వీధి చివర పాపాయమ్మగారు మనవరాలి తలకు రాయడానికి చిన్న గిన్నె పట్టుకుని ఎర్ర తాడు అవతల నిలబడి అరిచింది. "నూకరత్నం! ఓ గరిటెడు పొయ్యవే!"

"పీపా అయితేనే పొయ్యమన్నారు పిన్నీ!" అని ఇవతలి నుంచి నూకరత్నం అరిచింది. "అదీ ఇయ్యాల వొద్దు! ఎక్కడో ఓడ ఇరుక్కుందంట!"

నూనె అమ్ముడవడం పూర్తిగా ఆగిపోయింది. దీన్ని ప్రధాన కార్యాలయం "నిల్వలలో గణనీయ వృద్ధి" అని నమోదు చేసి అభినందన లేఖ పంపింది.

ఇదంతా వరహాలు ఓర్చుకున్నాడు. దాణా వస్తోంది కదా అనుకున్నాడు. నిజంగానే వస్తోంది. ఉద్యోగుల క్యాంటీన్ లెక్కలో రోజుకు ఒక పొట్లం పెరుగన్నం, అరటిపండు వచ్చేవి. దొరబాబు అరటిపండు తొక్కతో సహా తినేవాడు. జూన్‌లో అతని పనితీరు నివేదిక వచ్చింది. నేనే చదివి వినిపించాను. "శ్రీ దొరబాబు క్రమశిక్షణ గలవారు. సమావేశాలలో అనవసరంగా మాట్లాడరు. అయితే పదకొండేళ్ళుగా ఒకే చోట తిరుగుతున్నారు. వృత్తిపరమైన పురోగతి కనిపించడం లేదు."

జులైలో బదిలీ ఉత్తర్వు వచ్చింది.

"విలీన సంస్థల సిబ్బంది మాతృసంస్థ సంస్కృతిని జీర్ణించుకొను నిమిత్తం, ఎద్దు దొరబాబు అను ఉద్యోగిని సముద్రమధ్యమున గల నాలుగవ వేదికకు బదిలీ చేయడమైనది. పదిహేను రోజులలో చేరవలెను."

వరహాలు ఉత్తర్వును నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. "సముద్రంలో గడ్డెక్కడుంటదండీ?" అని మాత్రం అన్నాడు.

నేను ధైర్యం చెప్పాను. ఒక్క ఉత్తరంతో తేలిపోతుందన్నాను. నా ముప్పై ఏళ్ళ అనుభవమంతా వాడి, "అయ్యా, దొరబాబు ఎద్దు. కావున బదిలీ రద్దు చేయ ప్రార్థన" అని స్పష్టంగా రాశాను. వారంలో జవాబొచ్చింది. "ఇంటిపేరు కారణంగా బదిలీ నుంచి మినహాయింపు ఇవ్వజాలము."

తప్పు వాళ్ళది కాదు. మా జిల్లాలో పిల్లివారున్నారు, మేకావారున్నారు, కాకివారున్నారు. కోడివారి కుటుంబం మా వీధిలోనే రెండిళ్ళు. అన్ని కంపెనీలు కలిసిన ఆ కంప్యూటరు ఎద్దువారు మాత్రం ఎందుకుండకూడదు అనుకుంది.

రెండో ఉత్తరంలో ఇంటిపేరు సంగతి వదిలేసి, దొరబాబుకు నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక ఉన్నాయని రాశాను. "శారీరక భిన్నత్వం గల ఉద్యోగుల పట్ల సంస్థ ఎట్టి వివక్షా చూపదని సగర్వంగా తెలియజేస్తున్నాము" అని జవాబు. మూడోసారి ఫోటో తీయించి పంపాను. ఫోటో పాస్‌పోర్టు సైజులో లేదని తిప్పి పంపారు.

నూకరత్నం ఆ వారమంతా దొరబాబు వీపు రుద్ది రుద్ది కడిగింది. పెళ్ళికెళ్ళే పిల్లకు కట్టినట్టు మెళ్ళో కొత్త పట్టెడ కట్టింది. కట్టి, గానుగ వెనక కూర్చుని ఏడ్చింది.

సముద్రం మీదికి వెళ్ళేవారికి వైద్యపరీక్ష తప్పనిసరి. కంపెనీ డాక్టరు వచ్చాడు. ఆయన ఎద్దును చూశాడు, ఫారం చూశాడు, మళ్ళీ ఎద్దును చూశాడు. ఆయనకు ఇంకో ఆరు నెలల్లో రిటైర్మెంటు. "రక్తపోటు సాధారణం. ధూమపానం లేదు. శాకాహారి. అర్హుడు" అని రాసి సంతకం పెట్టాడు.

నేను చివరి ప్రయత్నంగా ప్రద్యుమ్నకు ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను.

"నేను ఎద్దు అనే రాయించాను లేఖరిగారూ," అన్నాడాయన.

"మరి మీరొక మాట చెప్పొచ్చు కదండీ?"

"ఎవరికి చెప్పాలి? సాగరిక సిబ్బంది విభాగం, వజ్రధార సిబ్బంది విభాగం, ఉదధి సిబ్బంది విభాగం, అన్నీ అనుసంధానమవుతున్నాయి. ఎవరు ఎవరి కింద ఉన్నారో తేలడానికి రెండేళ్ళు పడుతుంది. నేనే స్వయంగా వస్తాను. ఎక్కకుండా చూస్తాను."

బదిలీ రోజున దొరబాబును చిన్న లారీలో ఎక్కించుకుని తీరాన ఉన్న హెలికాప్టర్ల మైదానానికి వెళ్ళాం. వరహాలు గడ్డిమోపు, బకెట్టు, పడక గుడ్డలు కూడా తెచ్చుకున్నాడు. తననూ తీసుకుపొమ్మని అడుగుతానన్నాడు. "ఆడికి నేను కనపడకపోతే ముద్ద దిగదండి," అన్నాడు.

ప్రద్యుమ్న మాకంటే ముందే వచ్చి ఉన్నాడు. పైలట్‌తో వాదిస్తున్నాడు. పైలట్‌కు దొరబాబు ఎద్దని తెలుస్తూనే ఉంది. కాని అతని దగ్గరున్న జాబితాలో ఆరుగురు ప్రయాణికులు, అందులో ఇ. దొరబాబు, అంటే ఎద్దువారి దొరబాబు, మూడోవాడు. అందరూ ఎక్కితే తప్ప హెలికాప్టరు లేవకూడదు. మిగతా అయిదుగురూ లోపల బెల్టులు పెట్టుకుని కూర్చుని వాచీలు చూసుకుంటున్నారు.

"ఇది ఎద్దు! నేను ఉపాధ్యక్షుణ్ణి. నా కళ్ళతో చూసి చెబుతున్నాను!" అని అరిచాడు ప్రద్యుమ్న. ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనా ఎప్పుడూ అరిచినట్టు లేదు, గొంతు జీరపోయింది.

"అయితే రాసివ్వండి సార్," అన్నాడు పైలట్.

ప్రద్యుమ్న జేబులోంచి పెన్ను తీశాడు. ఎద్దు కడుపుకు కాగితం ఆనించి, "ఇది ఎద్దు" అని రాశాడు. కింద సంతకం, పేరు, హోదా రాసి, కంపెనీ పేరు రాయడం మొదలుపెట్టాడు. త్రివిక్రమ సాగరిక వజ్రధార ఉదధి అంటూ సగం దాకా రాశాడో లేదో, మైదానంలో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి.

ఆ ఉదయం పదకొండింటికి జగదేక పెట్రోలియం అనే అంతకంటే పెద్ద కంపెనీ త్రివిక్రమను మింగేసింది. శత్రుపూర్వకంగా. ప్రయాణాలన్నీ ఆపేయమని మొదటి ఉత్తర్వు. హెలికాప్టర్లో ఉన్న అయిదుగురూ బెల్టులు విప్పుకుని దిగారు.

లేకుండా పోయిన కంపెనీ ఉపాధ్యక్షుడు ఎద్దు అని రాస్తే చెల్లుతుందో లేదో తేల్చవలసిన అవసరం రాలేదు. రెండో ఉత్తర్వు మరుసటి వారం వచ్చింది. జగదేక తాను మింగిన ప్రతి కంపెనీలో మూడోవంతు సిబ్బందిని తగ్గిస్తుందట. మొదటి జాబితాలో ఇ. దొరబాబు ఉన్నాడు. "సంస్థలో ప్రధాన చాలకశక్తి ఇప్పటికే తగినంత ఉన్నది" అని కారణం. అదే పేజీలో టి. ప్రద్యుమ్న కూడా ఉన్నాడు. జగదేకకు విలీనాల ఉపాధ్యక్షుడు అప్పటికే ఒకడున్నాడు. ఇద్దరెందుకు?

వీడ్కోలు సభ ఇద్దరికీ కలిపి కంపెనీ అతిథి గృహం ముందు పెట్టారు. కొత్త ప్రాంతీయ అధికారి ఇద్దరి పేర్లూ కాగితం చూసి చదివాడు. "శ్రీ దొరబాబు గారు, శ్రీ ప్రద్యుమ్న గారు సంస్థ అభ్యున్నతికై భుజాలు అరిగేలా శ్రమించారు" అన్నాడు. అది ఒకరి విషయంలో అక్షరాలా నిజం. ఇద్దరికీ శాలువాలు కప్పారు. ఫోటో తీసేటప్పుడు, "పెద్దాయన్ను మధ్యలోకి రమ్మనండి" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఆయన ఉద్దేశం ఎవరో తెలియక ప్రద్యుమ్నే పక్కకు జరిగి దొరబాబుకు చోటిచ్చాడు.

సభ అయ్యాక మేం లారీ ఎక్కుతున్నాం. ప్రద్యుమ్న చేతిలో ఒక సూట్‌కేసుతో మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కారు తీసేసుకున్నారు. క్వార్టర్స్ సాయంత్రానికల్లా ఖాళీ చేయాలి. భార్య చాలా ఏళ్ళ కిందటే పోయిందనీ, విలీనాల తిరుగుళ్ళలో సొంత ఇల్లు కట్టుకోలేదనీ అంతకు ముందొకసారి నాతో అన్నాడు.

వరహాలు లారీ దిగి ఆయన దగ్గరకు వెళ్ళాడు. "రండి బాబుగారూ. దొరబాబు పక్కన సోటుంది," అన్నాడు.

ఇంటికి చేరాక నూకరత్నం ఆయన్ను చూసి మొహం తిప్పుకుంది. "మా కొంపలో నిప్పులు పోసిందీయన. ఇప్పుడు తగుదునమ్మా అని మా కొంపకే వొచ్చేరా?" అని మొగుడి మీద కేకలేసింది. ఆ కేకల మధ్యలోనే పీట వాల్చి అన్నం పెట్టింది. ప్రద్యుమ్న తల వంచుకుని తిన్నాడు. రెండోసారి నూనె వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టలేదు.

గానుగ మాత్రం ఇంకా కంపెనీదే. ఆగస్టులో జగదేక వాళ్ళు దాన్ని "లాభసాటి కాని బావి"గా గుర్తించారు. చమురు తీయడం మానేసిన బావిని సిమెంటుతో శాశ్వతంగా మూసెయ్యాలని చట్టం. ఎంత చిన్న బావికైనా నలభై బస్తాలని వాళ్ళ లెక్క. నలభై బస్తాలతో మనుషులు వచ్చారు. వరహాలు తండ్రి రాతిపనివాళ్ళ దగ్గర నెల రోజులు కూర్చుని చెక్కించిన రోలు అది. దాన్ని నింపడానికి ముప్పావు బస్తా పట్టింది. మిగతాది వెనక్కి తీసుకెళ్తే లెక్క తేలదని వాళ్ళు గానుగ అరుగు మీద పోశారు, ముంగిట్లో పోశారు, మురిక్కాలవకు పోశారు, ఆ తర్వాత బడి దాకా పోసుకుంటూ వెళ్ళారు. పదేళ్ళుగా అర్జీలు పెట్టినా రాని సిమెంటు రోడ్డు మా సంత వీధికి అలా వచ్చింది. ఎర్ర తాడు విప్పుకుపోయి, స్థలం వరహాలుకు వదిలేస్తున్నట్టు కాగితం ఇచ్చారు.

వరహాలు మూడు రోజులు ఆ నిండిపోయిన రోటి పక్కనే కూర్చున్నాడు. దొరబాబు అలవాటు కొద్దీ పొద్దున్నే వచ్చి నిలబడేవాడు, కాడి ఎత్తుతారేమోనని.

నాలుగో రోజు ప్రద్యుమ్న, "రాయి కాకపోతే చెక్కతో చేయించకూడదా?" అని అడిగాడు. చింతమాను అయితే పనికొస్తుందన్నాడు వరహాలు. ఇద్దరూ కలిసి తిరిగి తిరిగి ఒక ముదురు మొద్దు సంపాదించారు. వడ్రంగి రోలు తొలుస్తుంటే ప్రద్యుమ్న పక్కన నిలబడి గంటకోసారి లోతు కొలిచేవాడు. ఆయన ఉద్యోగంలో చేరింది భూగర్భ శాస్త్రజ్ఞుడిగానట. ముప్పై ఏళ్ళలో ఒక్క గొయ్యి కూడా ఆయన ఎదుట తవ్వలేదు.

కొత్త గానుగకు పేరు నూకరత్నం పెట్టింది. ఆయిల్ అన్న మాట గాని, కంపెనీ అన్న మాట గాని, నూనె అన్న మాట గాని ఉండటానికి వీల్లేదంది. నూనె తీయగా మిగిలే పిండిని పశువులకు పెడతారు గనక, "నూకరత్నం తెలగపిండి దుకాణం" అని రాయించింది. రిజిస్టరు చేయించమంటారా అని నేను అడగలేదు.

నూనె కావలసినవాళ్ళు పిండి కావాలని అడిగేవారు. నూకరత్నం గిన్నె అందుకునేది. పాపాయమ్మగారు గరిటెడు, రెండు గరిటెలు పట్టుకుపోయేది. పోగా పోగా పక్క ఊళ్ళ నుంచి కూడా రావడం మొదలైంది. పీపా కొంటే తప్ప ఇవ్వని నూనె ఎలా ఉంటుందోనని అడిగి మరీ కొనేవారు. ప్రద్యుమ్న కొట్లో కూర్చుని డబ్బాలకు మూతలు బిగించేవాడు. చేతులు ఎప్పుడూ నూనెగా ఉండేవి. వాటిని పంచెకు తుడుచుకోవడం నేర్చుకున్నాడు.

మళ్ళీ ఫిబ్రవరిలో ఒక అమ్మాయి స్కూటరు మీద వచ్చింది. మెళ్ళో జగదేక కార్డు వేలాడుతోంది. ఎండకు మొహం కందిపోయింది. జగదేక ఈ ఏడు ఎనిమిది కంపెనీలను కలుపుకోవాలట, ఏడయ్యాయట. ఎనిమిదోది వెతకమని జిల్లాకొకరిని పంపారు. ఈ జిల్లాకు తనట.

"ఈ వీధిలో ఒక చమురు సంస్థ ఉందని పాత రిజిస్టర్లో ఉంది సార్," అంది ప్రద్యుమ్నతో. ఎవరో కొట్టు గుమాస్తా అనుకుంది. "పన్నెండు రోజుల నుంచి తిరుగుతున్నాను. దొరక్కపోతే నన్ను కూడా..." అని ఆపేసింది.

నేను గుమ్మంలోనే ఉన్నాను. లోపల వరహాలు దొరబాబు ముట్టె పట్టుకుని ఆపేశాడు. నూకరత్నం గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది.

ప్రద్యుమ్న ఆ అమ్మాయికి ముందు మంచినీళ్ళిచ్చాడు. తాగేదాకా ఆగి, "ఇక్కడ చమురు లేదమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి గ్లాసు దించి గాలి పీల్చింది. అప్పుడే వాయి దిగింది. వీధంతా కమ్మగా ఉంది.

"వాసన వస్తోంది కదా సార్?"

"మీ ఫారంలో వాసనకు గడి ఉందా?"

ఆ అమ్మాయి ఫారం తీసి, మొదటి పేజీ చూసి, రెండోది తిప్పి, వెనక పేజీ కూడా చూసింది.

"లేదు సార్."

"అయితే లేనట్టే. పరిశీలించితిని, లేదు అని రాయండి. పన్నెండు రోజులు వెతికినట్టు కూడా రాయండి. లేదని తేల్చినవాళ్ళను ఏమీ అనరు. ఉందని చెప్పినవాళ్ళకే తిప్పలు."

ఆమె కాసేపు ఆయన చేతులకేసి చూసింది. తర్వాత "లేదు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్ళేముందు అర లీటరు నూనె కొనుక్కుంది.